సిరొడీల్ అడవి ఎటు పోయింది? ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్ దేవుళ్ల థియరీల్లో ఏది పట్టుకోవాలి

మా పిన్ని కొడుకు సంక్రాంతి సెలవుల్లో ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్ మొదలుపెట్టాడు. మూడో రోజుకే ఫోన్. "అన్నా, అకటోష్, ఆరి-ఎల్, ఆల్కోష్... వీళ్లు ముగ్గురా, ఒక్కడా? ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉంది. ఏది కరెక్టో చెప్పు, అది గుర్తుపెట్టుకుంటా." పరీక్షకి గైడు అడిగినట్టు అడిగాడు. వాడికి ఫోన్లో గంటసేపు చెప్పిందాన్నే ఇక్కడ కాస్త సర్ది రాస్తున్నాను, ఎందుకంటే ఈ ఆటలోకి కొత్తగా వచ్చిన ప్రతివాళ్లూ సరిగ్గా ఇక్కడే ఇరుక్కుంటారు, ఆ తర్వాత ఎవరో గిల్డ్‌మేట్ (ఆటలో మన జట్టువాడు) వచ్చి ఒక థియరీ అంటగట్టేస్తాడు, ఇక జీవితాంతం దాన్ని మోసుకుంటూ తిరుగుతారు.

థియరీల్లోకి వెళ్లేముందు ఒక సంగతి. ఈ ఆటలో పైనుంచి "ఇదే నిజం" అని చెప్పే గొంతు అంటూ ఏదీ లేదు. కావాలనే అలా పెట్టారు. చాలాకాలం ఆన్‌లైన్ ఆటకి లోర్‌మాస్టర్‌గా (ఆట లోకపు చరిత్ర, పురాణాలు చూసుకునేవాడిగా) ఉన్న లారెన్స్ షిక్ కూడా ఇదే మాట చెప్పేవాడు: టామ్రియెల్ (ఆట జరిగే ఖండం) గురించి మనం చదివేదంతా టామ్రియెల్‌లో బతికే మనుషులు, ఎల్ఫులు, పిల్లులు రాసిందే, వాళ్లకు తెలిసినంత మేరకు, వాళ్ల పక్షపాతాలతో సహా. అంటే అలమరలో కనబడే ప్రతి పుస్తకానికీ ఒక రచయిత ఉంటాడు, ఆ రచయితకో జాతి, ఓ మతం, చాలాసార్లు పక్క పండితుడి మీద కడుపుమంట కూడా ఉంటాయి. కాబట్టి థియరీ ఎంచుకోవడమంటే ఎవరి మాట నమ్మాలో ఎంచుకోవడమే.

జనంలో ఎక్కువగా తిరిగేవి మూడు.

మొదటిది అందరూ ముందుగా పట్టుకునేది: దేవుళ్లు వాళ్లే, పేర్లే వేరు. కాలానికి అధిపతి అయిన డ్రాగన్ దేవుణ్ని సిరొడీల్ మనుషులైన ఇంపీరియల్స్ అకటోష్ అంటారు, ఎల్ఫులు ఆరి-ఎల్ అంటారు, పిల్లి జాతి కజీట్లు ఆల్కోష్ అంటారు. లోకాన్ని పుట్టించడానికి మిగతా దేవుళ్లను ఒప్పించినవాడు (లేదా మోసం చేసినవాడు, చెప్పేది ఎవరన్నదాన్నిబట్టి) లోర్ఖాన్. ఉత్తరాది మనుషులైన నార్డ్‌లకు అతనే షోర్, వీరుడు. ఇంపీరియల్స్‌కి షెజార్. కజీట్లకు లోర్ఖాజ్. మనుషుల్లోనే మరో జాతి రెడ్‌గార్డ్‌లకు సెప్, ఆకలితో కొట్టుకుపోయే పాము. ఎల్ఫులకైతే తమ దైవత్వాన్ని ఊడబెరికిన దొంగ. ఈ థియరీ చాలా హాయి. ఒక ఎక్సెల్ షీట్ తెరిచి అడ్డంగా జాతులు, నిలువుగా దేవుళ్లు వేసుకుంటే ప్రపంచం మొత్తం గళ్లలో సర్దుకుపోతుంది.

నేనూ వేశాను ఆ షీట్. రంగులతో సహా. రెడ్‌గార్డ్‌ల సటకాల్ దగ్గర మొదటి దెబ్బ తగిలింది, లోకాల్ని మింగి మళ్లీ కక్కే ఆ పామును ఏ గడిలో పెట్టాలి? అకటోష్ పక్కన పెడితే సగమే అతుకుతుంది. తర్వాత నార్డ్‌ల కథల్లో లోకాన్ని మింగే డ్రాగన్ ఆల్డుయిన్. అతనూ అకటోష్ ఒకటేనా అంటే, ఇదే వరుసలోని స్కైరిమ్ ఆటలో వేరెస్ట్ నగరపు పూజారి అలెగ్జాండ్రె సిమోన్ కానే కాదని ఏకంగా పుస్తకమే రాశాడు. ఇక డేడ్రిక్ ప్రిన్స్‌లు (లోకం పుట్టించడంలో చెయ్యి వెయ్యని వేరే రకం దేవుళ్లు) 16 మంది, జిగ్గలాగ్‌ని కలిపితే 17 అని అడుగున గట్టిగా గీత గీసి పెట్టుకున్నానా, 2024లో ఈ ఆటకి గోల్డ్ రోడ్ అనే కొత్త భాగం వచ్చి ఇథీలియా అనే ప్రిన్స్‌ని తీసుకొచ్చింది. ఆమె ఒకప్పుడూ ఉందట, కానీ హెర్మేయస్ మోరా ఆమె జ్ఞాపకాన్నే లోకంలోంచి తుడిచేశాడట. లేని గడి ఒకటి మొదట్నుంచీ ఉందన్నమాట. ఆ రాత్రి షీట్ డిలీట్ చేసి పడుకున్నాను.

ఈ థియరీకి అసలు చిక్కు షీట్‌లో లేదు, చరిత్రలో ఉంది. ఇంపీరియల్స్ కొలిచే ఎనిమిది దివ్యమూర్తుల జాబితా ఆకాశం నుంచి ఊడిపడలేదు. మొదటి యుగం 243 ప్రాంతంలో బానిసల తిరుగుబాటు గెలిచి అలెస్సియా రాణి అయింది. ఆమె వెనక నిలబడ్డ నార్డ్‌లకు ఎల్ఫ్ దేవుళ్లంటే ఒళ్లుమంట. ఆమె సొంత జనమేమో తరాల తరబడి ఐలెయిడ్ అనే ఎల్ఫ్ యజమానుల దగ్గర ఆ ఎల్ఫ్ దేవుళ్లకే దండం పెట్టి అలవాటుపడ్డవాళ్లు. ఏం చేస్తుంది? పొత్తు ప్రభుత్వంలో శాఖలు పంచినట్టు దేవుళ్లను పంచింది. ఎల్ఫుల మీద యుద్ధం చేసిన షోర్‌ని కోరలు పీకి షెజార్‌గా మార్చి, మానవ ప్రయత్నాల వెనకుండే స్ఫూర్తి అని గౌరవంగా పక్కన కూర్చోబెట్టారు. దీనిమీద "షెజార్ అండ్ ది డివైన్స్" అనే చిన్న పుస్తకం ఉంది, రెండు పేజీలు కూడా ఉండదు, కానీ ఒక్కటే చదువుతానంటే అదే చదవమంటాను. అది చదివాక "ఇద్దరూ ఒకే దేవుడా" అన్న ప్రశ్నే మారిపోతుంది. ఎవరు, ఎప్పుడు, ఏ అవసరంకొద్దీ ఇద్దర్నీ ఒకటి చేశారు అని అడగాలనిపిస్తుంది.

అక్కణ్నుంచి రెండో థియరీకి ఒక్క అడుగే: నమ్మకమే దేవుణ్ని తయారుచేస్తుంది. జనం ఎలా కొలిస్తే దేవుడు అలా మారతాడు. దీనికి పెద్ద సాక్ష్యం మారూఖటీ సెలెక్టివ్ అనే మతోన్మాద గుంపు. అకటోష్‌లో ఎల్ఫ్ మరక ఉందని, దాన్ని కడిగేయాలని, ఒక టవర్ మీద ఏదో క్రతువు చేశారు. కాలమే విరిగిపోయింది. మొదటి యుగం 1200 నుంచి 2208 దాకా, 1008 ఏళ్లపాటు ఏది ముందు ఏది వెనక అన్నది లేకుండా పోయిందని చెబుతారు. వినడానికి ఒళ్లు గగుర్పొడుస్తుంది కదా. కానీ ఎవరు చెబుతున్నారు? ఆ క్రతువును సమర్థిస్తూ ఆటలో కనబడే పుస్తకం ఆ గుంపు పెద్ద ఫెర్విడియస్ థార్న్ రాసుకున్నదే. ఇంకోవైపు ఫాల్ డ్రూన్ అనే పండితుడు అసలు అలాంటిదేమీ జరగలేదు, తేదీల లెక్కలో పొరపాటు పడి చరిత్రకారులే దాన్ని కల్పించారు అని చాలా చప్పగా, చాలా నమ్మదగ్గట్టుగా రాశాడు. థ్రిల్ కావాలంటే థార్న్, నిద్ర పట్టాలంటే డ్రూన్.

ఆన్‌లైన్ ఆటలో ఈ రెండో థియరీని పరీక్షించడానికి సరైన చోటు 2015 నవంబర్‌లో వచ్చిన ఓర్సినియం అనే భాగం. రాత్‌గార్ కొండల్లో ఓర్క్‌ల రాజ్యం మళ్లీ కడుతుంటారు. పాత కథ ప్రకారం ట్రినిమాక్ అనే ఎల్ఫ్ వీరదేవుణ్ని బోయెథియా అనే డేడ్రిక్ ప్రిన్స్ మింగేసి బయటికి పంపితే అతను మలకత్ అయ్యాడు, అతని భక్తులు ఓర్క్‌లయ్యారు. ఇప్పుడు వోష్ రఖ్ అనే వర్గం "కాదు, ట్రినిమాక్ ఇంకా ఉన్నాడు, మనం మళ్లీ ఆయన్నే కొలవాలి" అంటుంది. మిగతా ఓర్క్‌లు మలకత్‌ని వదలరు. ఇదెలా ముగుస్తుందో చెప్పను, ఆడి చూడండి. కానీ ఆడుతున్నంతసేపూ ఒకటే ప్రశ్న తొలుస్తుంది. తగినంత మంది ఓర్క్‌లు మోకరిల్లితే ట్రినిమాక్ నిజంగా తిరిగొస్తాడా? థియరీ ప్రకారం రావాలి. ఆట నోరు విప్పదు. నాకు ఈ థియరీ మీద గౌరవం ఉంది గానీ ఇది సగం వండిన అన్నంలాంటిది, నమ్మకం ఎంత ఉంటే సరిపోతుంది, ఎవరి నమ్మకం లెక్కలోకి వస్తుంది అన్నది ఎక్కడా లేదు.

మూడోది, రాత్రి ఒంటిగంట తర్వాత వాయిస్ చాట్‌లో మొదలయ్యేది. ఈ లోకమంతా ఒకడి కల. దేవుళ్లు, నువ్వు, నీ గుర్రం, అన్నీ ఆ కలలో పాత్రలు. ఈ సంగతి గ్రహించి తట్టుకోలేక "అయితే నేను లేను" అనుకున్నవాడు నిజంగానే మాయమైపోతాడు, దాన్ని జీరో-సమ్ అంటారు. గ్రహించి కూడా "అయినా నేనున్నాను" అని నిలబడగలిగినవాడికి చిమ్ అనే స్థితి వస్తుంది, అప్పుడు కలను లోపల్నుంచే దిద్దగలడు. ఇది వినగానే మనవాళ్ల ముఖాలు వెలిగిపోతాయి. "ఆ, ఇది మన మాయావాదమే కదా, జగన్మిథ్య!" అని. నేనూ అలాగే ఎగిరాను. కానీ జాగ్రత్తగా చూస్తే దాదాపు తలకిందులు. అద్వైతంలో కరిగిపోవాల్సింది ఆ "నేను" అనేదే. చిమ్‌లో చివరిదాకా పట్టుకుని వేలాడాల్సింది ఆ "నేను"నే. పోలిక పెట్టుకోండి, తప్పులేదు, కానీ మనది తెలుసు కాబట్టి వాళ్లదీ తెలిసిపోయిందనుకుంటే పప్పులో కాలేసినట్టే.

ఈ థియరీకి మూలగ్రంథం, ఆటలో డార్క్ ఎల్ఫుల దేవుడు వివెక్ పేరుమీద ఉన్న 36 పాఠాలు. 2002లో మారోవిండ్ ఆటతో వచ్చాయి, నిజంగా రాసింది ఆట రచయిత మైకేల్ కిర్క్‌బ్రైడ్. కల చూసేవాడి గురించిన వివరాల్లో చాలా భాగం మాత్రం ఆయన తర్వాత ఆటల బయట రాసిన వాటిలోంచి వచ్చింది, అందుకే "ఇది క్యాననా (ఆట అధికారికంగా ఒప్పుకునేదేనా) కాదా" అని జనం ఏళ్లతరబడి జుట్లు పట్టుకున్నారు. నాకు ఆ గొడవకంటే పాఠాల్లో ఉన్న ఒక చిన్న పన్నాగం ఆసక్తి. 36వ పాఠంలో ఒక్కో పేరా మొదటి అక్షరాన్ని వరుసగా కలిపి చదవండి. ఫౌల్ మర్డర్, అంటే నీచమైన హత్య అని వస్తుంది. ఇంగ్లీషు ప్రతిలోనే కుదురుతుందనుకోండి. తాను దేవుణ్నని 36 పాఠాలు రాసుకున్నవాడు, తన మిత్రుడు నెరెవార్‌ని చంపి ఆ గద్దె ఎక్కానన్న ఒప్పుకోలును ఆఖరి పాఠంలోనే దాచాడు. అలాంటివాడు చెప్పిన విశ్వరహస్యాన్ని ఎంతవరకు నమ్ముతారన్నది మీ ఇష్టం. నేనైతే కవిగా నమ్ముతాను, సాక్షిగా నమ్మను. ఆన్‌లైన్ ఆటలో దీనికి దగ్గరగా వెళ్లే చోటు క్లాక్‌వర్క్ సిటీ అనే భాగం చివర్లో, వివెక్ తోటి దేవుడు సోథా సిల్‌తో మాట్లాడే ఘట్టం, ఖైదీ ముందు తన గోడల్ని చూడాలి, ఆ తర్వాతే తలుపు కనబడుతుంది అని ఆయన చెప్పే మాటలు. తొందరపడి స్కిప్ కొట్టకండి.

ఇప్పుడు మూడింటినీ ఒకే రాయి మీద గీసి చూద్దాం. ఆ రాయి సిరొడీల్ అడవి.

1998లో ఇదే వరుసలోని రెడ్‌గార్డ్ అనే ఆటతోపాటు ఇచ్చిన చిన్న గైడ్ పుస్తకంలో సామ్రాజ్యం నడిబొడ్డు సిరొడీల్ అంతా ఎడతెగని అడవి అని ఉంది, ఉష్ణమండలపు దట్టమైన అడవి. 2006లో సిరొడీల్‌లోనే జరిగే ఒబ్లివియన్ ఆట వచ్చింది. చూస్తే పచ్చిక మైదానాలు, ఓక్ చెట్లు, చల్లగాలి. అడవి ఏది? అసలు కారణం అందరికీ తెలుసు, ఆట తయారుచేసినవాళ్లు అడవి పెట్టలేదు, అంతే. కానీ లోకం లోపల నిలబడి సమాధానం చెప్పాలి కదా.

కల థియరీవాళ్ల జవాబు అందరికంటే ఆకర్షణీయం. టైబర్ సెప్టిమ్ అనే చక్రవర్తి చిమ్ సాధించి టాలోస్ అనే దేవుడయ్యాక, తన సైనికుల మీద ప్రేమతో ఆ నేలనే మార్చేశాడు. స్కైరిమ్‌లో వైట్‌రన్ చౌరస్తాలో రోజంతా గొంతు చించుకునే హైమ్‌స్కర్ అరుపుల్లో కూడా ఆ ముక్క వినిపిస్తుంది (అతని నోరు మూయించాలని ఎంతమంది ప్రయత్నించారో లెక్కలేదు). అంతా బాగుంది. ఈలోగా 2014లో ఆన్‌లైన్ ఆట వచ్చింది. కథ జరిగేది రెండో యుగం 582లో. టైబర్ సెప్టిమ్ పుట్టేది 828లో. అంటే ఆయన పుట్టడానికి రెండున్నర శతాబ్దాల ముందు, మీరు మూడు సైన్యాల పీవీపీలో (ఆటగాళ్లు ఆటగాళ్లతోనే తలపడే పోరులో) కోటలు పగలగొడుతున్న సిరొడీల్‌లో అడవి అప్పటికే లేదు. థియరీవాళ్లు ఊరుకోలేదు, "చిమ్ కాలంలో వెనక్కి కూడా పనిచేస్తుంది, ఆయన మార్చాక మొదట్నుంచీ అలాగే ఉన్నట్టు అయిపోయింది" అన్నారు. దీన్ని కాదనడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు, ఎప్పటికీ ఉండదు కూడా. ఏం జరిగినా సరిపోయే జవాబది, నాకు దానిమీద మోజు పోయింది కూడా సరిగ్గా అందుకే.

ఆన్‌లైన్ ఆటే రెండు జవాబులు ఇచ్చింది, అదీ ఇద్దరు పండితుల కీచులాట రూపంలో. ఎలిన్‌హిర్‌కి చెందిన ఫ్రాస్టస్ అది రాతప్రతి నకలు చేసేటప్పుడు జరిగిన తప్పు అంటాడు. పాఠాంతరం! మన పాత కావ్యాల పీఠికలు తిరగేసినవాళ్లకి ఇది ఎంత మామూలు సంగతో చెప్పక్కర్లేదు, ఒక లేఖకుడు ఒక్క పదం తప్పు రాస్తే తర్వాతి మూడొందల ఏళ్లు పండితులు దానికి అర్థాలు వెతుకుతారు. టానెత్‌కి చెందిన లేడీ సిన్నబార్ ఒప్పుకోదు. అడవి నిజంగానే ఉండేది అనుకుందాం, వైట్-గోల్డ్ టవర్ లాంటి మాయాశక్తి గోపురం ఆ నేల మధ్యలో ఉన్నప్పుడు దాని ప్రభావంతో వాతావరణమే మారి ఉండకూడదా అని ఆమె వాదన. పుస్తకం పేరులోనే ఇది ఊహ అని పెట్టుకుంది. నా ఓటు ఆమెకే. రెండో థియరీకి దగ్గరగా ఉంటుంది, కాలాన్ని వెనక్కి తిప్పక్కర్లేదు, పైగా తనకు తెలియనిది తెలియదని ఒప్పుకునే పండితురాలు ఆ లోకంలో అరుదు. పేర్ల థియరీకి మాత్రం ఈ రాయి మీద చెప్పడానికి ఒక్క ముక్క లేదు.

అయితే రోజువారీగా ఏది పట్టుకుని ఆడాలి? నేను ఈ మూడూ కాకుండా నాలుగోది వాడతాను, దానికి పేరు కూడా మన దగ్గరే ఉంది: స్థలపురాణం. నరసింహస్వామినే తీసుకోండి. అహోబిలం వెళ్తే స్తంభం చీల్చుకుని వచ్చింది ఇక్కడే అని కొండ మీద ఉగ్రస్తంభం చూపిస్తారు. మంగళగిరిలో ఆయన పానకం తాగే స్వామి, పోసినదాంట్లో సగమే పుచ్చుకుంటాడు. సింహాచలంలో ఏడాది పొడుగునా చందనం కప్పుకుని ఉంటాడు, నిజరూపం ఒక్క రోజే. మూడు చోట్లా దండం పెట్టుకున్న మా నాయనమ్మ ఏనాడూ "ఇంతకీ ఇందులో క్యానన్ ఏది" అని అడగలేదు. అలాగని మూడూ ఒకటే కథ అని కూడా అనలేదు. ఏ కొండ ఎక్కితే ఆ కొండ కథ. కజీట్ ఊరికి వెళ్తే ఆల్కోష్ ఆల్కోషే, అక్కడ అకటోష్ పేరు ఎత్తి వాళ్లకు పాఠం చెప్పక్కర్లేదు. ఇథీలియా వచ్చినా ఈ పద్ధతి చెక్కుచెదరదు, ఇంకో గుడి, ఇంకో కథ, అంతే.

కానీ ఇది అందరికీ నప్పదు. క్యారెక్టర్‌లో ఉండి ఆడే రోల్‌ప్లే మనుషులకు ఇదే సరైంది, మీ జాతి కథ ఒక్కటీ గట్టిగా పట్టుకుని మిగతావి అబద్ధాలని నమ్మండి, మజా వస్తుంది. గిల్డ్‌లో వాదించి గెలవాలనే సరదా ఉంటే రెండోది, దానికి ఆటలోనే పుస్తకాలున్నాయి, చూపించి మాట్లాడొచ్చు, కాకపోతే ఫాల్ డ్రూన్‌ని ముందే చదువుకుని వెళ్లండి, అవతలివాడు అదే తీస్తాడు. సొంతంగా కథలు రాసుకునేవాళ్లు కల థియరీ జోలికి వెళ్లొచ్చు, అక్కడ చేతికి అడ్డు లేదు, కానీ దాన్ని సాక్ష్యంగా వాడి ఇతరుల నోరు మూయించొద్దు, అది చిరాకు. మొదటి థియరీని నేను మొదటి రెండు నెలలకే సిఫార్సు చేస్తాను, సైకిల్‌కి పక్కన కట్టే చిన్న చక్రాల్లాగా, పేర్లు నోటికి వచ్చేదాకా. ఇవేమీ వద్దు, క్వెస్ట్ మార్కర్ వెంట పోతానంటే అదీ ఆటే. ఒక్కటి మాత్రం చెప్పాలి, అలమరల్లో దొరికే లోర్‌బుక్స్ సేకరిస్తే మేజెస్ గిల్డ్ స్కిల్ లైన్ పెరుగుతుంది, అందుకని చాలామంది పుస్తకం తెరిచి అర సెకనులో మూసేస్తారు. కనీసం రచయిత పేరు చూసి మూయండి.

ఇక మా తమ్ముడు. గంటసేపు విని "సరే అన్నా, స్థలపురాణమే" అన్నాడు, కజీట్ క్యారెక్టర్ చేసుకున్నాడు, కాకపోతే ఎక్కడో నార్డ్‌ల పుస్తకాలు చదివి లోర్ఖాన్ అసలు మంచివాడని, అతనికి అన్యాయం జరిగిందని వారం రోజులు నా చెవి తిన్నాడు. మొన్న ఆదివారం పన్నెండు మందిమి కలిసి "మా ఆఫ్ లోర్ఖాజ్" (లోర్ఖాజ్ నోరు) అనే గుంపు పోరు, ట్రయల్‌కి వెళ్లాం. మొదటి బాస్ జాజ్‌హాసా దగ్గర ఒంటి మీద లోర్ఖాజ్ పట్టు అనే శాపం పడుతుంది, వెంటనే పరుగెత్తి నేల మీద వెలిగే ప్యాడ్ ఎక్కి కడుక్కోకపోతే పోతాం. వాడికి చెప్పాను, రెండుసార్లు చెప్పాను. శాపం పడింది, వాడు ప్యాడ్ ఎటుందో వెతుక్కునేలోపు పడిపోయాడు. చాట్‌లో కాసేపు ఏమీ రాలేదు. తర్వాత ఒక లైను: "అన్నా, ఈ ఊళ్లో మాత్రం లోర్ఖాజ్ విలనే."